కాలితో తిప్పే పుస్తకం

నిజాం సర్కారు లెక్కన ఫసలీ పదమూడు వందల యాభై రెండో సంవత్సరంలో, పెద్ద యుద్ధం నడుస్తున్న కాలంలో, గద్వాల నేతగాళ్ళ వీధిలో ఒక పిల్లనగ్రోవి బడి ఉండేది. బడి అంటే పెద్ద కట్టడమేమీ కాదు. హన్మంతు మగ్గపు కొట్టానికి ఆనుకుని ఒక రేకుల చావడి, అందులో ఆరుగురు పిల్లలు, ఆరు పిల్లనగ్రోవులు, ఒక మద్దిలేటి.

మద్దిలేటి హన్మంతుకు బామ్మర్ది. ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళలో, భజనల్లో ఊదాడు. ముందటేడు బల్మూరులో పెళ్ళి ముగించుకుని వస్తుంటే బండి బోల్తాపడి ముందరి పళ్ళు రెండు పోయాయి. అప్పటి నుంచి ఆయన ఊదితే గాలి సగం పిల్లనగ్రోవిలోకి, సగం ఊళ్ళోకి పోయేది. పెళ్ళివాళ్ళు పిలవడం మానేశారు. నేర్పడానికి పళ్ళు అక్కర్లేదు కాబట్టి వీధి పెద్దలు సర్కారుకు అర్జీ పెట్టి ఈ బడి ఇప్పించారు.

ఒకనాడు టపా మనిషి సర్కారు కాగితం తెచ్చి, నిలబడి చదివి వినిపించాడు. వచ్చే సోమవారం తనిఖీ. చిన్న, నడిమి, పెద్ద తరగతులకు పాఠపుస్తకాలు, స్వరాల కాగితాలు పంతులే ఎంపిక చేసి చూపించాలి. ఎందుకు ఎంపిక చేశాడో కారణం చెప్పాలి. పుస్తకం లేకపోతే బడి లేదు.

"ఇన్ని దినాలు పుస్తకం లేకనే ఊదుతుండ్రు గదా?" అన్నాడు మద్దిలేటి.

"అదంత నాకు తెల్వదన్నా. రాసింది చదివిన," అని టపా మనిషి వెళ్ళిపోయాడు.

మగ్గం గుంటలో కూర్చున్న హన్మంతు ఈ మాటలన్నీ విన్నాడు. ఆయన మొహం విప్పారింది.

"బడి పోతే పోనీయిరా బామ్మర్దీ. కండెలు చుట్టనీకె మనిషి లేక నేను పరేషానైతున్న. నీకు పీట గూడ చూసి పెట్టిన."

మద్దిలేటికి ఆ పీట తెలుసు. పళ్ళు పోయిన కొత్తలో నెల రోజులు ఆ పీట మీద కూర్చున్నాడాయన. కండె అంటే నూలు చుట్టి, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే పుల్ల. చూడటానికి పిల్లనగ్రోవి పిల్లలా ఉంటుంది. అదే గుల్ల, అదే నునుపు. ఎంత ఊదినా పలకదు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పలకని పుల్లలను చేతిలో పట్టుకుని కూర్చుంటే మనిషికి ఏమవుతుందో ఆ నెలలో ఆయనకు తెలిసింది. నెలాఖరుకు తానూ మాట్లాడటం మానేశాడు.

మరునాడే రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి, అక్కడి నుంచి ఎద్దుల బండిలో వనపర్తి చేరాడు. అక్కడ యేసయ్య దుకాణం ఉంది. పలకలు, సిరాబుడ్లు, పంచాంగాలు అమ్ముతాడు. యుద్ధం వల్ల కాగితం కరువై దుకాణం సగం ఖాళీగా ఉంది. యేసయ్య వెతికి వెతికి ఏడు సంగీతం పుస్తకాలు తెచ్చి చాప మీద వేశాడు.

"ఇందుల పిల్లనగ్రోవిది ఒకటే. కడమయి హార్మోనియంవి, ఫిడేలువి. సూస్కో."

మద్దిలేటి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక పుస్తకం తెరిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. పిల్లనగ్రోవి తీసి రెండు చేతులతో పట్టుకుని పెదవికి ఆనించి, ఊదకుండా అట్లాగే ఉన్నాడు. పుస్తకం మెల్లమెల్లగా మూసుకుంది. దాన్ని పక్కన పెట్టి రెండోది తీశాడు. అదీ మూసుకుంది. మూడోది చటుక్కున మూసుకుంది. నాలుగోది మూసుకుని కింద కూడా పడింది.

"ఏమయ్యా, పుస్తకం కొననీకె వచ్చినవా, నిద్రబుచ్చనీకె వచ్చినవా?" అన్నాడు యేసయ్య.

"ఎంచుతున్న."

"చదివి ఎంచాలె గదా!"

"చదువుడు పిల్లల పని. తెరుసుకోని ఉండుడు పుస్తకం పని."

"మరి పేజీ తిప్పుడు ఎవరి పని?"

యేసయ్య ఎగతాళికి అన్నాడు కానీ మద్దిలేటి ఉలిక్కిపడ్డాడు. ఈ సంగతి ఆయనకు తట్టలేదు. రెండు చేతుల వైపు చూసుకున్నాడు. రెండూ పిల్లనగ్రోవి మీదే ఉన్నాయి.

"ఏ చేత్తోని తిప్పాలె?" అని అడిగాడు.

"ఊదుడు ఆపి తిప్పు."

"పేజీ అయిపోయిన కాడ పాట అయిపోలేదు. ఆపితే తెగుతది."

"అయితే మూడు చేతులున్న పిలగాండ్లను చేర్చుకో."

"హార్మోనియమోళ్ళు ఎట్ల తిప్పుతరు? వాళ్ళకు ఒక చెయ్యి తిత్తి మీద, ఒక చెయ్యి మెట్ల మీద ఉంటది గదా?"

యేసయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "వాళ్ళు చూడరు. చూసినట్టు కూసుంటరు."

మద్దిలేటి ఇంకా ఆలోచిస్తూ, మూల ఉన్న ఒక లావుపాటి పుస్తకాన్ని తీసి మోకాలి మీద పెట్టాడు. అది హాయిగా వెల్లకిలా పడుకుంది. ఊపినా మూసుకోలేదు. ఆయన కళ్ళు మెరిశాయి.

"గిది ఇయ్యి."

"అది పోయిన సంవత్సరం పంచాంగమయ్యా! వీపు ఇరిగింది."

"అయితేంది? పండుకుంటున్నది గదా!"

యేసయ్య దండం పెట్టాడు. పిల్లనగ్రోవి పుస్తకం ఆయన చేతిలో పెట్టి, పొద్దుగూకక ముందే బండి ఎక్కించాడు.

శనివారం పొద్దున బడిలో పుస్తకం తెరిచారు. మోకాలి మీద పెడితే మూసుకుంది. దారం కట్టి తెరిచి ఉంచితే పేజీ తిరగలేదు. దారం విప్పితే మళ్ళీ మూసుకుంది, ఈసారి భూలక్ష్మి పిల్లనగ్రోవి కొన మధ్యలో ఇరుక్కుపోయింది. భూలక్ష్మికి ఎనిమిదేళ్ళు. ఆరుగురిలో చురుకైనది. కాసేపు చూసి, పుస్తకాన్ని నేల మీద పరిచి, ఎడమ కాలి మడమతో ఒక పక్క తొక్కిపెట్టి, కుడి కాలి బొటనవేలితో టక్కున పేజీ తిప్పింది. పాట తెగలేదు.

"శెబ్బాస్!" అన్నాడు మద్దిలేటి.

సరిగ్గా అప్పుడే ఆయన అక్క, హన్మంతు భార్య జములమ్మ మంచినీళ్ళ చెంబుతో వచ్చింది. చెంబు జారిపోయింది.

"అయ్యో నా తల్లో! సరస్వతిని కాలితోని తొక్కుతవేందే? తమ్మీ, నువ్వు చూసుకుంట శెబ్బాస్ అంటవా?"

ఆరుగురి చేతా, ఏడోవాడైన మద్దిలేటి చేతా గుంజీలు తీయించింది. పుస్తకాన్ని కొంగుతో తుడిచి కళ్ళకద్దుకుని, ఇంట్లో దేవుని గూట్లో పెట్టేసింది. పసుపు పెట్టి, కుంకుమ పెట్టి, ఒక మందారం కూడా పెట్టింది.

"అక్కా, సోమారం సర్కారోళ్ళకు చూపియ్యాలె."

"చూపియ్యి. తానం చేసి, ఒంటిపొద్దుండి, నా గూటి ముందటికి వచ్చి దండం పెట్టుకొమ్మను. ముట్టనియ్య."

ఆదివారం మధ్యాహ్నం మద్దిలేటి వెళ్ళి ఆ పీట మీద కూర్చున్నాడు. ఎట్లాగూ రేపటి నుంచి కూర్చోవలసిందే. హన్మంతు కండెల బుట్టను ఇటు జరిపాడు. పెళ్ళి చీర నేస్తున్నాడాయన. కోటకొమ్ముల అంచు, మధ్యన హంసలు. షోలాపూరు నుంచి కొత్తగా జకార్డు తెప్పించాడు. అది మగ్గం నెత్తిన కూర్చునే పెట్టె. దానికి బెజ్జాలు కొట్టిన అట్టలు, ఒకదానికొకటి దారంతో కుట్టినవి, పెద్ద దండలాగా వేలాడుతుంటాయి. కిందనున్న తొక్కుడుచెక్కను తొక్కితే పైన ఒక అట్ట తిరుగుతుంది. అట్టలో బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు.

మద్దిలేటి కండె చుడుతూ తల ఎత్తాడు. హన్మంతు ఒక చెయ్యి నాడె తాడు మీద, ఒక చెయ్యి పోగును గుద్దే పలక మీద ఉంది. టక్. అట్ట తిరిగింది. టక్. ఇంకొకటి తిరిగింది.

"బావా."

"ఊఁ."

"నీ రెండు చేతులు కాళీ లేవు."

"నీకిప్పుడు తెల్సిందా?"

"పేజీ తిరుగుతున్నది."

హన్మంతుకు అర్థం కాలేదు. మద్దిలేటి కండె కింద పడేసి చావడిలోకి పరుగెత్తి భూలక్ష్మిని పిలుచుకొచ్చాడు. అట్టల వైపు చూపించాడు. "ఎడమ పక్క ఏడు బెజ్జాల వరస చూడు బిడ్డా. బెజ్జముంటే ఏలు ఎత్తు. లేకుంటే మూయి. బావా, తొక్కు."

అది కోటకొమ్ము వచ్చే చోటు. కొమ్ము మెట్లు మెట్లుగా లేచి, మెట్లు మెట్లుగా దిగుతుంది. కాబట్టి మొదటి అట్టలో ఒక బెజ్జం, తర్వాతి దానిలో రెండు, తర్వాత మూడు, ఏడుదాకా పోయి మళ్ళీ ఆరు, అయిదు. భూలక్ష్మి వేళ్ళు ఒక్కొక్కటే లేచాయి, ఒక్కొక్కటే వాలాయి. స్వరం మెట్లెక్కింది, మెట్లు దిగింది. ఏ పంతులైనా పిల్లలకు మొట్టమొదట చెప్పే పాఠం అదే.

"అవి అట్టలురా! పుస్తకం గాదు!" హన్మంతు గుంటలోంచి లేచాడు. "పెండ్లికి పన్నెండు దినాలే ఉన్నయి. నా మగ్గం జోలికి వస్తే మంచిగుండదు!"

జములమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఒక్క పూట ఇస్తే ఏమైతది? బడి పోయిందనుకో, ఈడు దినమంత నీ పక్కనే కూసుంటడు. పోయినసారి తాళమేసుకుంట కండెలు చుట్టి, సమం దెబ్బ పడ్డప్పుడల్ల పోగు తెంపలేదా?"

హన్మంతు ఆలోచించాడు. "ఒక్క పూటనే," అన్నాడు.

"మరి కాలితోని తొక్కుడు పాపం కాదానె, అక్కా?" అన్నాడు మద్దిలేటి. ఆయనకు గుంజీలు ఇంకా గుర్తున్నాయి.

"కాలు చెక్కకు తగుల్తది. చెక్క పుస్తకం గాదు," అని జములమ్మ తీర్పు చెప్పింది.

సోమవారం ఇన్‌స్పెక్టరు సాబు వచ్చాడు. టోపీ, కళ్ళద్దాలు, చంకలో రిజిస్టరు. చావడి చూసి, పిల్లలను లెక్కపెట్టి, "కితాబు ఏది?" అన్నాడు. మద్దిలేటి కొట్టంలోకి తీసుకుపోయి పైకి చూపించాడు. సాబు చాలాసేపు పైకి చూశాడు.

"ఇది కితాబా?"

"అవును సాబ్."

"ఎవరు రాసిండ్రు?"

"రాయలే సాబ్. షోలాపూర్ల గుద్దిండ్రు."

"పేజీలు ఎన్ని?"

"రెండు వందల నలభై."

"ఆఖరి పేజీ చూపించు."

"ఆఖరిది లేదు సాబ్. గుండ్రంగ కుట్టిండ్రు. అయిపోంగనే మొదటికొస్తది."

సాబు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "తరగతులు మూడు. కితాబులు మూడు ఉండాలె."

"చిన్న తరగతికి అంచు సాబ్. నడిమి తరగతికి హంస బుటా. పెద్ద తరగతికి కొంగు."

సాబు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. "చదివించు," అన్నాడు.

పిల్లలు ఆరుగురూ మగ్గం చుట్టూ నిలబడి పిల్లనగ్రోవులు ఎత్తారు. హన్మంతు పళ్ళు కొరుకుతూ తొక్కాడు. కోటకొమ్ము లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. సాబు కళ్ళు మూసుకుని వేలితో మోకాలి మీద తాళం వేశాడు. ఇంకొక్క నిమిషంలో ఆపమని బావతో చెబుదామనుకున్నాడు మద్దిలేటి, కానీ అట్టలు అంతదాకా ఆగలేదు. అంచు అయిపోయి హంస వచ్చింది.

హంసకు ముక్కు ఉంటుంది, మెడ ఉంటుంది, రెక్కలు ఉంటాయి. వాటికి సరిపడే బెజ్జాలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. పిల్లలు బుద్ధిమంతులు, ఉన్నది ఉన్నట్టు ఊదారు. ఆ చప్పుడుకు వాకిట్లో మేక కట్టు తెంపుకుంది. పక్కింటి మణెమ్మ ఎవరికో ఏదో అయిందని పరుగెత్తుకొచ్చింది. సాబు కళ్ళు తెరిచాడు.

"యే క్యా హై?"

మద్దిలేటి కళ్ళ ముందు పీట, బుట్ట, పలకని పుల్లలు కదిలాయి. అబద్ధం వెతుక్కున్నాడు. దొరకలేదు.

"హంస సాబ్," అన్నాడు.

"హంసా?"

"చూడుండ్రి."

సాబు లేచి మగ్గం మీదికి వంగాడు. పిల్లలు ఊదినంత మేరా హన్మంతు నేశాడు. చీర మీద అప్పుడే దిగిన హంస ఉంది. ముక్కు, మెడ, రెక్క, ఏదీ తప్పిపోలేదు. సాబు వేలితో దాన్ని తడిమాడు. పిల్లల వైపు చూశాడు, హంస వైపు చూశాడు.

"గలతీ ఒక్కటి గూడ లేదు," అని ఒప్పుకున్నాడు. ఆయన ఎన్నో బడులు తనిఖీ చేశాడు, పిల్లలు చదివింది నిజమో కాదో ఇంత కచ్చితంగా ఎక్కడా తేలలేదు. రిజిస్టరు తెరిచాడు. "ఈ కితాబే ఎందుకు ఎంపిక చేసినవ్?"

"చేతులు కాళీ లేవు సాబ్."

సాబు అదే రాసుకున్నాడు. తర్వాత సంచీలోంచి ముద్ర తీసి, సిరా అద్ది, మొదటి అట్ట మీద గట్టిగా కొట్టాడు.

"మంజూరైంది. ఇప్పటి నుంచి ఇది బడి కితాబు. బడి నడిచేటప్పుడే తెరవాలె. వేరే పనికి వాడొద్దు."

హన్మంతు గుంటలోంచి నోరు తెరిచాడు. "సాబ్, చీర సగంల ఉన్నది!"

"నువ్వెవరు?"

హన్మంతు మాట్లాడే లోపలే మద్దిలేటి అన్నాడు. "పేజీలు తిప్పెటాయన సాబ్."

సాబు అది కూడా రాసుకున్నాడు.

ఆ మరునాటి నుంచి హన్మంతు పొద్దు పొడవకముందే లేచి, ఇంటింటికీ తిరిగి పిల్లలను నిద్ర లేపి తెచ్చేవాడు. వాళ్ళు ఊదితేనే ఆయన నేయాలి. ఎవరికైనా దగ్గు వస్తే ఆయనే చెంబు పట్టుకొచ్చి నీళ్ళు తాగించేవాడు. మధ్యలో కండెలు కూడా తానే చుట్టుకునేవాడు, పీట ఎట్లాగూ ఖాళీగానే ఉంది. మద్దిలేటి పిల్లల చేత అంచు పాఠమే మళ్ళీ మళ్ళీ ఊదించడంతో, పెళ్ళి మూడు రోజులుందనగా చీరకు అంచు మూడు మూరలు ఎక్కువైంది, కొంగు మాత్రం మొదలుకాలేదు.

"ఒరే బామ్మర్దీ, నీకు దండం పెడత. కొంగు పాఠం తీయిరా!"

మద్దిలేటి పిల్లల వేళ్ళ వైపు చూస్తూ తల అడ్డంగా ఆడించాడు.

"తొందరపెట్టకు బావా. పెద్ద తరగతికి ఇంక ఎవరు రాలే."