వెంట వచ్చినవాళ్ళు

మహబూబాబాద్‌లోని ఆ ప్రైవేటు దవాఖానలో డాక్టరును చూడాలంటే ముందు చిలుకమ్మను దాటాలి. ఆమె తలుపు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటుంది. పేషెంట్లు అయ్యాకే మందుల కంపెనీవాళ్ళు అంటుంది. పేషెంట్లు ఎప్పటికీ అవ్వరు. అయిన రోజున డాక్టరు వెనక మెట్లు దిగి వెళ్ళిపోతాడు. ఒక మందుల కంపెనీ తరఫున తిరిగే మహేందర్ ఏడు వారాలుగా ఆమెకు క్యాలెండర్లు ఇచ్చాడు, పెన్నులు ఇచ్చాడు, అక్కా అక్కా అంటూ కాకా పట్టాడు. ఆమె అన్నీ పుచ్చుకుంది, తలుపు మాత్రం తీయలేదు.

ఆ పొద్దున జనగామ నుంచి మేనేజరు ఫోన్ చేశాడు. సాయంత్రంలోగా డాక్టరు మన జ్వరం బిళ్ళ రాస్తానని మాటివ్వాలి, లేదంటే బ్యాగు తెచ్చి అప్పగించి ఇంటికి పొమ్మన్నాడు.

దాంతో మహేందర్‌కు ఎక్కడలేని తెలివి పుట్టుకొచ్చింది. బ్యాగు మెడికల్ షాపులో పెట్టి, బిళ్ళల పట్టీ ఒకటి జేబులో దాచి, జుట్టు చెదరగొట్టుకుని, పేషెంటులా చీటీ రాయించుకున్నాడు. అంత తెలివైనవాడు ఒక్క సంగతి మరిచాడు. ఈ ప్రాంతంలో దవాఖానకు ఎవరూ ఒంటరిగా రారు. తలనొప్పి వచ్చినా నలుగురు ఆటో ఎక్కుతారు.

“నీకే జెరమొచ్చిందా? వెంట ఎవరొచ్చిన్రు?” చీటీ చూస్తూ అడిగింది చిలుకమ్మ.

“ఎవ్వరు రాలే అక్కా.”

“గదేంది? నీకు ఎవ్వరు లేరా?”

భూపాలపల్లిలో అన్న ఉన్నాడు. అన్నతో మాట్లాడి ఎనిమిది నెలలైంది. అబద్ధమాడటానికి వచ్చినవాడి నోట నిజమే వచ్చింది.

“ఉన్నరు గని, లేనట్టే.”

ఆమె అతని మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. “ఒళ్ళు సల్లగనే ఉన్నది గద?”

“లోపలి జెరం అక్కా.”

లోపలి జ్వరం ఎంత చెడ్డదో ఆమెకు తెలుసు. అయ్యో అంటూ లేచి, అతని జబ్బ పట్టుకుని, వరసలో కూర్చున్నవాళ్ళు గొణుగుతున్నా వినకుండా లోపలికి తీసుకెళ్ళింది.

“మా తమ్ముడు సార్. జర మంచిగ చూడున్రి.”

“నీ తమ్ముడా? ముందే చెప్పొద్దా!” డాక్టరు నవ్వి కుర్చీ చూపించాడు.

ఏడు వారాల తర్వాత డాక్టరు ఎదురుగా ఉన్నాడు. మహేందర్ జేబులో చెయ్యి పెట్టాడు. పట్టీ వేళ్ళకు తగిలింది. నోరు తెరిస్తే పని అయిపోతుంది. కానీ తెరిస్తే, భుజం మీద చెయ్యి వేసి నిలబడిన ఈ మనిషి డాక్టరు ముందు అబద్ధాలకోరు అవుతుంది.

“జ్వరం సార్” అన్నాడు.

డాక్టరు వేరే కంపెనీ బిళ్ళ రాశాడు. మూడు రోజులు పడుకోమని, చూసుకునేవాళ్ళు ఉన్నారా అని అడిగాడు.

“నేనున్న సార్” అంది చిలుకమ్మ.

బయటికి తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టింది. కండ్లు మూసుకోమని చెప్పి తరువాతి పేరు పిలిచింది. మేనేజరు ఫోన్ మోగుతూనే ఉంది. మహేందర్ ఎత్తలేదు. ఉద్యోగం పోయినందుకు కాదు, తనకు జ్వరం నిజంగా రానందుకు అతనికి ఏడుపొచ్చింది.