పచ్చగానే ఉన్న పడక

కుందలహళ్ళి ఆఫీసులో జ్యోత్స్న పని, ఆసుపత్రి వార్డులకు పంపే ప్రోగ్రామ్‌ను తనిఖీ చేయడం. రోగి బాగుంటే తెర మీద ఆ పడక పచ్చగా, ప్రమాదంలో ఉంటే ఎర్రగా కనిపిస్తుంది. ఒకే కోడ్ సర్వర్‌లోనూ, నర్సులు చూసే బ్రౌజర్‌లోనూ నడవాలి. చిక్కంతా అక్కడే. కొన్ని పేర్లు బ్రౌజర్‌కు పుట్టుకతోనే ఉంటాయి. సర్వర్‌కు వాటి ఊసే తెలియదు. అందుకే ఉమ్మడి కోడ్‌లో ఆ పేర్లు ఎక్కడ కనిపించినా ఎర్రగీత పడేలా ఆమె ఏర్పాటు చేసింది.

రిలీజ్ నాడు తెరనిండా ఎర్రగీతలే.

"బ్రౌజర్ గ్లోబల్స్ ఆన్ చేసెయ్, దాని సొంత పేర్లన్నీ సరే అన్నట్టు. పోతాయి," అన్నాడు టీమ్ లీడ్ అభిజిత్.

"వీటిలో నిజమైన తప్పులు కూడా ఉండొచ్చు. ఒక్కోటీ చూడాలి."

"క్లయింట్ వెయిటింగ్, జ్యోత్స్నా. తర్వాత చూద్దాం."

ఆమె ఆన్ చేసింది. గీతలన్నీ మాయమయ్యాయి. ఆ 'తర్వాత' రానేలేదు.

ఆ నెలలోనే ఒక సాయంత్రం చెల్లెలు బ్లెస్సీ యూనిఫారంతోనే కె.ఆర్.పురం ఇంటికొచ్చి గోడకానుకుని కూలబడింది. అదే ప్రోగ్రామ్ వాడే ఆసుపత్రిలో ఆమె నర్సు. జరీనా అనే పేషెంట్ ఊపిరాడక చనిపోయింది. నిర్లక్ష్యమంటూ బ్లెస్సీని సస్పెండ్ చేశారు.

"నేను స్క్రీన్ చూస్తానే ఉండాను అక్కా. ఆమె బెడ్ పచ్చగానే ఉండాది."

జ్యోత్స్న ల్యాప్‌టాప్ తెరిచింది. పడక రంగు నిర్ణయించే చోట 'స్టేటస్' అన్న పేరు వాడారు. రోగి స్థితిని అందులో నింపడం ఎవరో మరిచిపోయారు. సర్వర్‌లోనైతే ఆ పేరెవరిదో తెలియక ప్రోగ్రామ్ ఆగిపోయేది. బ్రౌజర్‌కు మాత్రం అదే పేరుతో సొంతంగా ఒకటుంది, ఖాళీగా. ప్రోగ్రామ్ అందులో చూసింది. ప్రమాదమన్న మాట కనిపించక పచ్చరంగు వేసింది. మాయమైన గీతల్లో ఇదొకటి.

"నోరెత్తకు, ఇద్దరం పోతాం," సంగతి చెప్పగానే అన్నాడు అభిజిత్ ఫోన్‌లో.

ఆసుపత్రి విచారణలో జ్యోత్స్న అంతా చెప్పింది, ఆన్ చేసింది తానేనని కూడా. బయట బెంచీ మీద జరీనా కొడుకు రియాజ్ కూర్చుని ఉంటే అతనికీ చెప్పింది.

"అంటే అమ్మ సంగతి తెలియకుండానే బాగుందని స్క్రీన్ చూపించిందా మేడమ్?"

"అవును."

అతను లేచి వెళ్ళిపోయాడు.

జ్యోత్స్న ఉద్యోగం పోయింది. బ్లెస్సీని తిరిగి రమ్మన్నారు గానీ ఆమె వెళ్ళలేదు.

"తప్పు నీది కాదే," అంది జ్యోత్స్న.

"ఒకసారి పోయి చెయ్యి పట్టుకొని చూసింటే తెలిసిండేది కదా అక్కా. స్క్రీన్‌ని నమ్ముకొని కూచుంటిని."

బ్లెస్సీ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట ఇద్దరూ అన్నం ముట్టలేదు.