గొంతులో నొక్కు

లోసా తన వెబ్‌సైటు తెరిచిన వారంలో టోంగా దేశపు లిఫూకా దీవి మొత్తంలో ఒక్కరూ దానికి వంక పెట్టలేదు. అదే ఆమె బెంగ.

సముద్రం అడుగున ఇంటర్నెట్ తీగ తెగినప్పుడల్లా బడిపిల్లల పాఠాలు ఆగిపోతున్నాయని, తన గదిలోనే ఓ చిన్న కంప్యూటరు పెట్టె పెట్టి సైటును అక్కణ్ణుంచే నడిపిస్తోంది. బయటి లోకంతో సంబంధం తెగినా ఊళ్లో అది తెరుచుకుంటుంది. అందులో టోంగా మాటలు, చేపల పేర్లు, చాపల అల్లికలు ఉన్నాయి. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి పిల్ల లోసా. ఊరికి ఏదైనా చెయ్యాలనుకుంది.

"రంగులు ఎలా ఉన్నాయి? అక్షరాలు చిన్నవా?" అని అడిగితే అందరిదీ ఒకటే మాట: "చాలా బాగుంది." ముఖం మీద తప్పు చెప్పడం అక్కడ మర్యాద కాదు. బాబాయి కొడుకు సెమిసీదీ అదే మాట.

"తెరిచావా అసలు?"

"తెరవడం ఎందుకు? చేసింది నువ్వేగా!"

తప్పు పట్టే హక్కున్నది ఒక్కరికే. మేనత్త ఆనేసీకి. నాన్నకు అక్క. అక్కడి ఆచారంలో తోబుట్టువుల్లో అక్కదే పైచేయి; లోసా ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. ఆమె ఎదుట నాన్న గొంతు కూడా తగ్గుతుంది.

శనివారం సాయంత్రం, కాళ్లు వాచి మంచం పట్టిన అత్త దగ్గరికి ఫోను తీసుకెళ్లింది లోసా. మొదటి పేజీలో పెద్ద బొత్తం ఉంది. దాన్ని నొక్కితే అత్త గొంతు "హఉ" అని పిలవాలని ఆమె ఆశ. హఉ అంటే రా. ఏ గుమ్మం ముందు నుంచి నడిచినా వినబడే పిలుపు అది: రా, తిని వెళ్లు.

అత్త కళ్లద్దాలు తుడుచుకుని చూసింది.

"ఇదేంటే, హౌ అని రాశావు?"

"హఉ అనే, అత్తా."

"మరి మధ్యలో గొంతు నొక్కే గుర్తేదీ? అది లేకపోతే హౌ. గెలిచిన వీరుడు! పిల్లల్ని పాఠానికి రమ్మంటున్నావా, కుస్తీకి దింపుతున్నావా?"

లోసా తల దించుకుంది. ఇంగ్లిషు అక్షరాల్లో రాసే ఆ మాటలో, హ తర్వాత గొంతు ఒక్క క్షణం ఆపి ఉ పలకాలని చెప్పే కామాలాంటి ఆ గుర్తు మొదట ఉండేది. వెబ్‌సైట్లు చేసే విదేశీయుల ఆన్‌లైన్ బృందంలో అభిప్రాయం అడిగితే, అక్షరాల మధ్య ఆ కామాలు మురికిలా ఉన్నాయి, తీసెయ్యమన్నారు. తప్పు చెప్పినవాళ్లు వాళ్లే కదా అని నమ్మింది.

"వాళ్లు మురికి అంటే తుడిచేశావా?" అత్త దగ్గింది. చాలాసేపు దగ్గింది. "రంగులు బాగున్నాయి. అక్షరాలు కాస్త పెద్దవి చెయ్. ఆ నొక్కు పెట్టుకుని రా, అప్పుడు పిలుస్తాను. తప్పు మాట మీద నా గొంతు పెట్టకు."

పాఠం పాఠం వెతికి గుర్తులు పెడుతుండగానే శనివారం అయిపోయింది. మర్నాడు మళ్లీ పెట్టె ముందు కూర్చోబోతే నాన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆదివారం పూట పనేంటమ్మా? చర్చికి పద. రేపు చేసుకోవచ్చు, అత్త ఎక్కడికి పోతుంది?"

ఆదివారం ఆ దీవిలో ఎవరూ పని ముట్టరు. లోసా కూడా ముట్టలేదు.

సోమవారం పొద్దున చివరి పాఠంలో గుర్తులు పెడుతుండగా అత్త ఇంటివైపు నుంచి ఏడుపులు వినిపించాయి.

అక్కడి ఆచారం ప్రకారం తమ్ముళ్ల పిల్లలు మేనత్త శవం దగ్గరికి పోకూడదు. సంతాపానికి గుర్తుగా చిరిగిన పెద్ద చాప నడుముకు చుట్టుకుని, జుట్టు విరబోసుకుని, పెరట్లో పొయ్యి దగ్గర పెండలం దుంపలు చెక్కుతూ కూర్చుంది లోసా. లోపల పాటలు పాడుతున్నారు. అత్త ముఖం చూడడం ఆమె వంతు కాదు. ఖననం అయ్యాక పెద్దావిడ ఒకామె కత్తెర తెచ్చి, ఆచారంగా లోసా జుట్టు కత్తిరించింది.

ఆ పొయ్యి పొగలోనే సెమిసీ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. అతని నడుముకూ చిరిగిన చాపే.

"ఏదీ, నీ సైటు చూపించు. ఈసారి నిజంగా చూస్తాను."

పేజీ తెరుచుకుంది. హఉ. మధ్యలో గుర్తు సరిగ్గా ఉంది. సెమిసీ బొత్తం నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"పలకదేంటి?"

"గొంతు పెట్టలేదు."

"నీదే పెట్టు మరి."

లోసా ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "హ" అంది. నొక్కు దగ్గర గొంతు ఆగిపోయింది. తర్వాతి అక్షరం రాలేదు.

"తప్పేమైనా కనిపిస్తే చెప్పు సెమిసీ," అంది ఫోను అతని చేతికిచ్చి.

అతను ఆమె వైపు చూడకుండా, ఫోనునే చూస్తూ అన్నాడు.

"చాలా బాగుంది."