పావుగంట తిండి

బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే ఆమెను అందరూ కత్తెరక్క అనేవారు. ఆ పేరు సగం చేతికి, సగం నోటికి.

ఆ సోమవారం ఆమె చెల్లెలు కుట్టుమిషను మీదే కళ్లు తిరిగి పడిపోయింది. ఒంట్లో రక్తం లేదన్నాడు డాక్టరు. మర్నాడే మేనేజరు ఒక పోషకాహార నిపుణురాలిని రప్పించి, పనివాళ్లందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. తెర మీద బర్గరు బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత.

"ఇందులో ఉప్పూ నూనే తప్ప ఒంటికి పట్టేది పెద్దగా లేదు. చవగ్గా వస్తోందని రోజూ ఇదే తింటే ఎలాగమ్మా?" అంది నిపుణురాలు మెత్తగానే.

గేటు ఎదురుగా ఉన్న బర్గరు దుకాణమే వాళ్లకు మధ్యాహ్నం దిక్కు. అందరూ తలలు దించుకున్నారు. చెల్లెలైతే తప్పు చేసినదానిలా ముడుచుకుపోయింది. అది చూసి కత్తెరక్కకు ఒళ్లు మండింది.

"మేడమ్, ఆ బర్గరు డబ్బుతో మూడు గుడ్లు, గుప్పెడు చిక్కుడు గింజలు, ఓ అరటిపండు వస్తాయి. ఆ మాత్రం మాకు తెలీదా? ఉడకబెట్టేదెక్కడ? ఇంట్లో వండుకుందామంటే తెల్లారకముందే బస్సెక్కాలి. తినడానికిచ్చేది పావుగంట. బర్గరైతే నడుస్తూ మింగేయొచ్చు. మాకు లేనిది తెలివి కాదు, టైము."

నిపుణురాలు మేనేజరు వైపు చూసింది. అతను ముఖం కందగడ్డ చేసుకుని, "నీ పని నువ్వు చూసుకో!" అన్నాడు.

"చూసుకుంటా సార్."

మర్నాడు ఆమె సంచిలో స్టవ్వు పెట్టుకొచ్చింది. గేటు దగ్గర కాపలా ఆయన, "ఇదేంటమ్మా?" అన్నాడు.

"మేడమ్ రాసిచ్చిన మందు అన్నయ్యా," అంది.

మధ్యాహ్నం పెరట్లో, గుడ్డలకు దూరంగా, కుళాయి పక్కన గుడ్లు ఉడికాయి. పావుగంటకు బెల్లు మోగింది. చుట్టూ తింటూ కూర్చున్న నలభై మందిలో ఒక్కరూ లేవలేదు. మేనేజరు ఉరికొచ్చాడు.

"జీతం కోస్తాను!"

"కోయండి సార్. కోత నాకేమన్నా కొత్తా?" అంటూ చెల్లెలి చేతిలో రెండో గుడ్డు పెట్టింది.

అన్నంత పనీ చేశాడు. నలభై మందికీ సగం రోజు జీతం పోయింది. మర్నాడూ అలాగే కూర్చున్నారు, ఆ మర్నాడూ కూర్చున్నారు. కుట్టాల్సిన బట్టలు గుట్టలుగా పేరుకుపోయాయి. శనివారం నోటీసు పడింది: భోజనానికి అరగంట, వంటకు పెరట్లో రేకుల షెడ్డు.

"వెళ్లి సార్‌కి దండం పెట్టొద్దామా అక్కా?" అంది చెల్లెలు.

"ఎందుకే? వాళ్లింట్లోంచి తెచ్చిచ్చాడా? పోయిన జీతం సంగతి సోమవారం అడుగుదాం పద."