పాఠం మీద పరిశోధన

మదనపల్లెలో ఎంబీయే పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో రెడ్డెమ్మ క్లాసులో ఎవరూ నోరు విప్పేవారు కారు. పాఠ్యపుస్తకంలో ఒక అమెరికా విమానాల కంపెనీ నష్టాల్లో పడి ఉండేది. టిక్కెట్టు ధర తగ్గించాలా, సర్వీసులు తగ్గించాలా అని ఆమె అడిగితే క్లాసంతా తలలు దించుకునేది. వాళ్లను తప్పుపట్టడానికి ఆమెకు మనసొచ్చేది కాదు. తంబళ్లపల్లె దగ్గర గొర్రెలు మేపే ఇంట్లో పుట్టి, తిరుపతిలో ఎంబీయే చదివినప్పుడు ఆమె కూడా అట్లాగే తల దించుకుంది.

తొంభైయెనిమిదిలో ఒకరోజు విసుగొచ్చి పుస్తకం మూసేసింది.

"సరేప్పా, విమానాలు వదిలేయండి. మార్కెట్ యార్డులో టమాటా ధర పడిపోయింది. మీ లారీ గేటు ముందర నిలబడుండాది. ఈడే అమ్ముతారా, మద్రాసుకు పంపిస్తారా?"

ఏనాడూ లేవని మునిరాజ లేచి నిలబడ్డాడు. "మద్రాసుకు యాల మేడమ్? పోయేలోపల సగం మెత్తబడిపోతాది."

"ఈడ అమ్మితే కోత కూలి కూడా రాదు కదప్పా!" అని ముందు వరుసలోంచి ఒకమ్మాయి గట్టిగా అంది.

బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. రెడ్డెమ్మ ఆనందంగా ఇంటికి వెళ్లింది గాని, దారిలోనే ఒక అనుమానం పట్టుకుంది. వాళ్లు మాట్లాడారు, నిజమే. నేర్చుకున్నారా?

ఆ ప్రశ్న మీదే పీహెచ్‌డీ చేస్తానని డిపార్ట్‌మెంట్ హెడ్డు గోవిందరాజులుతో చెప్పింది. ఆయన ఆమె మేలు కోరే మనిషే. "పాఠం సెప్పేది మన పనమ్మా, దాని మీద పరిశోధనేంది? బ్యాంకుల మీదనో షేర్ల మీదనో సెయ్యి, నాలుగు చోట్ల పేరొస్తాది" అన్నాడు.

కుప్పం యూనివర్సిటీలో ప్రొఫెసర్ హరినాథ్ మాత్రం ఆమె మాట పూర్తయ్యేదాకా విన్నాడు. "ఇన్నేండ్లుగా మేనేజిమెంటు సెప్తాండాము. పిల్లోళ్లకు అది ఎట్ల ఎక్కుతాందో మనలో ఎవురూ కూసోని సూసింది లేదు. నువ్వు సూడు. కానీ ఒగటి, నీకు నచ్చిన జవాబు కోసం ఎతకొద్దు."

రెడ్డెమ్మ మదనపల్లె క్లాసుకు పుస్తకంలోని విదేశీ కంపెనీల కథలే చెప్పింది. పుంగనూరులో కొత్తగా పెట్టిన కాలేజీలో, అక్కడి వాళ్ల అనుమతితో, టమాటా వ్యాపారం, పాల సేకరణ, పట్టుగూళ్ల అమ్మకం మీద తాను రాసిన పాఠాలు చెప్పింది. ఏడాది చివర రెండు క్లాసులకూ ఎవరూ వినని ఒక బొంబాయి బట్టల మిల్లు సమస్య ఇచ్చింది.

పుంగనూరు పిల్లలే బాగా రాస్తారని ఆమెకు గట్టి నమ్మకం. ఏడాదంతా ఎంత హుషారుగా వాదించారు వాళ్లు! తీరా పేపర్లు దిద్ది చూస్తే రెండు క్లాసులకూ పెద్ద తేడా లేదు. మరుసటి ఏడాది ఈ కాలేజీ పాఠాలు ఆ కాలేజీలో, ఆ కాలేజీవి ఈ కాలేజీలో చెప్పింది. అప్పుడూ అంతే.

ఇంత కష్టపడి రాసిన పాఠాలు పనికిరావని తానే నిరూపించుకున్నట్టు అనిపించింది. కుప్పం వెళ్లి హరినాథ్ ముందు పేపర్లు పెట్టి, "మానేస్తాను సార్" అంది.

"ఇప్పుడే కదమ్మా పరిశోధన మొదలైంది" అన్నాడాయన. "అందరూ ఒకే రకంగా రాసినారా? బాగా రాసినోళ్లు ఏం సేసినారో సూసినావా?"

మళ్లీ చదివింది. బాగా రాసినవాళ్లలో చాలామంది, క్లాసులో విన్నది ఏదైనా, తమకు తెలిసిన టమాటా లారీనీ పాఠ్యపుస్తకంలోని విమానాల కంపెనీనీ తమంతట తామే పక్కపక్కన పెట్టి పోల్చుకున్నవాళ్లు. సొంత ఊరి పాఠం నోరు విప్పిస్తోంది. దాన్ని ఊరి బయటి పాఠంతో పోల్చినప్పుడే ఆలోచన ముందుకు సాగుతోంది. మూడో ఏడు రెండు కాలేజీల్లోనూ కొన్ని క్లాసులకు అట్లాగే జంటగా చెప్పి, మిగతా క్లాసులతో సరిచూసింది. ఈసారి తేడా స్పష్టంగా కనబడింది.

వ్యాసం రాసి ఒక మేనేజ్‌మెంట్ పత్రికకు పంపితే, ఇది విద్యాశాస్త్రం, మా పరిధి కాదన్నారు. విద్యాశాస్త్ర పత్రిక వాళ్లు, ఇది మేనేజ్‌మెంట్ కదా అన్నారు.

హరినాథ్ పగలబడి నవ్వాడు. "ఇద్దురూ మాది కాదంటే ఇంగ భయమేల? మనమే పిలుద్దాం, ఎవురొస్తారో సూద్దాం."

రెండువేల నాలుగులో కుప్పంలో చిన్న సదస్సు పెట్టారు. నలుగురైదుగురు వస్తే గొప్పనుకున్నారు. అనంతపురం, బెంగళూరు, సేలం నుంచి వచ్చినవాళ్లతో గది నిండిపోయింది. రెడ్డెమ్మ తన ఫలితాలు చెప్పగానే సేలం లెక్చరరు తన తమిళ విద్యార్థుల్లోనూ ఇదే చూశానన్నాడు. బెంగళూరు ఆవిడ తన క్లాసులో దీనికి పూర్తిగా ఎదురు ఫలితం వచ్చిందని లెక్కలు చూపించింది. భోజనాలు చల్లారిపోతున్నా వాదన ఆగలేదు. తానొక్కతే అడుగుతున్నాననుకున్న ప్రశ్నను ఇంతమంది ఇన్ని చోట్ల అడుగుతున్నారని తెలిసి రెడ్డెమ్మ ఒక్కొక్కరి పేరూ చిరునామా రాసుకుంది. ఏటా కలవాలని, సొంతంగా ఒక పత్రిక తేవాలని ఆ సాయంత్రమే తీర్మానించుకున్నారు.

రెండువేల ఆరులో ఆమె వైవా జరిగింది. గోవిందరాజులు కాలేజీకి సెలవు పెట్టి వచ్చాడు. తల్లి బయ్యమ్మ తంబళ్లపల్లె నుంచి బస్సులు మారి వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది.

పరీక్షకుడు సిద్ధాంత గ్రంథం తెరిచి, "మీ మొదటి రెండేళ్ల ఫలితాలు మీ ఊహకే ఎదురు తిరిగాయి. వాటిని ఎందుకు ఉంచారు?" అని అడిగాడు.

"క్లాసులో జరిగింది అదే సార్. అది తీసేస్తే మూడో ఏడు ఎందుకు అట్లా చెప్పానో ఎవరికీ అర్థం కాదు."

ఆయన తల పంకించి పుస్తకం మూశాడు. డిగ్రీకి సిఫారసు చేస్తున్నట్టు చెప్పగానే అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది గోవిందరాజులే.

"అంతసేపు ఏమడిగినారు పాపా?" అంది బయ్యమ్మ బయటికొచ్చాక.

"పిల్లోళ్లకు సదువు ఎట్ల ఎక్కుతాదని అడిగినారమ్మా. తెలిసింది సెప్పినా. తెలీంది తెలీదన్నా."

"తెలీదన్నా ఇచ్చినారా?" బయ్యమ్మ ఆశ్చర్యపోయి, కూతురి చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

ఇంతలో సుష్మ అనే అమ్మాయి దగ్గరికొచ్చింది. గుడుపల్లె వాళ్లమ్మాయి, హరినాథ్ దగ్గర కొత్తగా పరిశోధనలో చేరింది.

"మేడమ్, మీ పుస్తకం రెండుసార్లు సదివినా. నోరు విప్పితేనే ఆలోచన మొదలైతాదని మూడో అధ్యాయంలో మీరు సెప్పింది ఆడపిల్లోళ్ల విషయంలో నిజం కాదేమోనని నాకు అనుమానం. వాళ్లు క్లాసులో మాట్లాడకున్నా నేర్సుకుంటాండారు. నేను దాని మీదే పని సేస్తాండాను."

రెడ్డెమ్మ ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. ఉదయం నుంచి ఎంతమంది అభినందించారో గాని, ఆ ఒక్క మాటకు కలిగినంత గర్వం మరి దేనికీ కలగలేదు.

"రామ్మా, కూసో" అంది, చెట్టు కింద బెంచీ చూపిస్తూ. "ఎందుకు నిజం కాదో మొదట్నుంచి సెప్పు."