ఏడో నంబరు చెరువు

ఆ రోజు పొద్దున్న ఆకాశం ముసురుకుంది గానీ కురవలేదు. సముద్రం వైపు నుంచి లేచిన మబ్బు మొగల్తూరు మీదుగా పాకి, చెరువుల మీదకొచ్చి అక్కడే ఆగిపోయింది. గాలి లేదు. ఇలాంటి పొద్దు అప్పాజీకి నచ్చదు. ఎండ పొడవని రోజున నీళ్ళలో గాలి తగ్గుతుంది, రొయ్య పైకి తేలుతుంది. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు రెండూ వేసి, గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళ అంచునే చూస్తున్నాడు.

చెరువుల పక్కన పారే డ్రెయిను కాలవ గట్టు మీద మోపెడ్ చప్పుడైంది. సుప్రియ వచ్చింది. రాజమండ్రిలో రొయ్యల తెగులు మీద పరిశోధన చేసే అమ్మాయి. ఈ డ్రెయిను మీది ఇరవైమూడు చెరువుల్లోనూ ఆమె ఒక ఏడాది పొడుగునా నీళ్ళు పట్టుకెళ్ళింది. చెరువుకో నోటుపుస్తకం ఇచ్చి, రోజూ ఏం చేశారో రాయమంది. కొందరు అప్పుడప్పుడూ రాశారు. కొందరు నెలాఖరున కూర్చుని ఒకేసారి గిలికారు. ఒక్క పూట తప్పకుండా రాసింది అప్పాజీ ఒక్కడే.

"పనైపోయిందండి అప్పాజీగారూ," అంటూ ఆమె సంచిలోంచి కాగితాలు తీసింది. "మా పేపరు ఒప్పుకున్నారు. రేపు పొద్దున్న అంతా నెట్‌లో పెట్టేస్తున్నాం."

"అంతా అంటే?"

"పేపరూ, దాని వెనకాల ఉన్న లెక్కలూను. మాకు డబ్బిచ్చిన సంస్థ షరతండి. జనం డబ్బుతో చేసిన పని జనానికి కనపడాలంటారు. ఎవరైనా సరే రూపాయి కట్టకుండా చూసుకోవచ్చు. లెక్కలు పెడితే గానీ పేపరు అచ్చు కానివ్వరు. తెలుగులో కూడా రాసి మీ సొసైటీ గోడకి అంటించమన్నారు."

అప్పాజీ తలూపాడు. నిజానికి ఆ మాట ముందడిగింది తనే. సుప్రియ కంటే ముందు వేరేవాళ్ళెవరో వచ్చి ఇవే చెరువుల నీళ్ళు పట్టుకెళ్ళారు. ఏం తేలిందని అడిగితే, అది ఇంగ్లీషు పత్రికలో ఉంది, చదవాలంటే ముప్పై డాలర్లు అన్నారు. సుప్రియ మొదటిసారి వచ్చినప్పుడు ఆ కోపం ఆమె మీద చూపించాడు. మా నీళ్ళలో ఏముందో మేం చూసుకోడానికి డాలర్లేంటండి అన్నాడు.

"పేర్లు ఎక్కడా లేవండి. అన్నీ నంబర్లే," అని ఆమె ఒక పట్టిక అతని చేతికిచ్చింది.

అప్పాజీ చదివింది ఏడో తరగతి. కాగితం ఏదైనా వేలు పెట్టి, పై నుంచి కిందికి, ఒక్క గడి వదలకుండా చదువుతాడు. అలాగే చదివాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఈ నంబర్లు ఏ వరసన వేశారమ్మా?"

"మీరు చూపించిన వరసేనండి. మొదటి రోజు మీరు సైకిలు మీద ముందు వెళ్తూ చూపించారు కదా, లాకు దగ్గర్నుంచి సముద్రం మొగ దాకా. అదే."

లాకు దగ్గర్నుంచి లెక్కపెడితే ఆరోది దొరబాబు చెరువు. ఏడోది తనది. ఎనిమిదోది బావమరిది గణేష్‌బాబుది. ఇది ఈ డ్రెయిను మీద చీమకైనా తెలుసు.

ఆరో నంబరు ఎదురుగా ఇలా ఉంది: ఏప్రిల్ 8, తెగులు. నీళ్ళు వదల్లేదు. బ్లీచింగ్ వేసి పద్నాలుగు రోజులు ఆపారు. ఏడో నంబరు ఎదురుగా: ఏప్రిల్ 11, తెగులు. అదే రోజు మూడడుగుల నీళ్ళు డ్రెయిన్‌లోకి. ఎనిమిదో నంబరు: ఏప్రిల్ 14, మొత్తం పోయాయి. దాని కింద తొమ్మిది, పది, పదకొండు, అలా పద్దెనిమిది దాకా రోజుకి కొన్ని చొప్పున పోతూ వెళ్ళాయి.

రెండేళ్ళ కిందటి మాట. పైవాళ్ళు వదిలిన నీళ్ళే కిందివాళ్ళు పెట్టుకునే ఈ డ్రెయిను మీద ఒక కట్టుబాటుంది. ఏ చెరువులో తెల్లమచ్చ తెగులు కనపడినా ఆ రైతు తూము మీద ఎర్రగుడ్డ కట్టాలి, కింది వాళ్ళకి కబురు పెట్టాలి, నీళ్ళు బయటికి వదలకూడదు. ఏప్రిల్ పదకొండున ఊరంతా పెళ్ళికి మొగల్తూరు వెళ్ళింది. అప్పాజీ వెళ్ళలేదు. ఆ పొద్దున్నే అతని చెరువులో పది రొయ్యలు గట్టుకి కొట్టుకొచ్చాయి. పాత నీళ్ళు తీసేసి కొత్త నీళ్ళు పెడితే మిగతావి బతుకుతాయేమోనన్న ఆశ పుట్టింది. మిట్టమధ్యాహ్నం తూముకి అడ్డం వేసిన పలకలు మూడు ఎత్తాడు. పది రోజుల తర్వాత సగం పంట పట్టుకున్నాడు. కింద పదకొండు చెరువులు పోయాయి.

అందరూ దొరబాబునే అనుకున్నారు. చచ్చిన రొయ్యల కోసం కాకులు ముందు వాలింది అతని గట్టు మీద. నేను వదల్లేదు, బ్లీచింగ్ వేసి ఆపానని అతను మొత్తుకున్నాడు. సొసైటీ ఆఫీసు ముందు గణేష్‌బాబు వెదురుకర్రతో కొడితే ఎడమ మణికట్టు విరిగింది. అది వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత దొరబాబుకి వల ఇచ్చినవాడు లేడు, ఇంటికి పిలిచినవాడు లేడు. చెరువు ఎండగట్టేసి పాలకేంద్రంలో పనికి కుదిరాడు. అప్పాజీ నోరు విప్పలేదు. కానీ నీళ్ళు వదిలిన రోజు సాయంత్రం నోటుపుస్తకంలో మాత్రం ఉన్నదున్నట్టు రాశాడు. అది రాజమండ్రి వెళ్ళి ఏదో బీరువాలో పడుంటుందనుకున్నాడు.

"నా చెరువు ఇందులోంచి తీసెయ్యొచ్చా అమ్మా?"

సుప్రియ అతని మొహంలోకి చూసింది. "మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉందండి. లెక్కలు బయట పెట్టేదాకా మీరు వద్దంటే తీసేయాలి. ఎందుకని మేం అడక్కూడదు."

"తీసేస్తే ఏమవుద్ది?"

ఆమె పట్టిక తీసుకుని ఏడో వరస మీద అరచెయ్యి అడ్డం పెట్టి చూపించింది. "ఇప్పుడు చదవండి. ఆరు వాళ్ళు నీళ్ళు ఆపారు. అయినా ఎనిమిది పోయింది. అంటే ఆపడం దండగ అని అర్థం వస్తుంది. రేపు ఇది చూసి ఎవరూ ఆపరు." చెయ్యి తీసేసింది. "ఆరుకీ ఏడుకీ తెగులు ఒకేచోట కొన్న రొయ్యపిల్లలతో వచ్చింది, నీళ్ళతో కాదు. ఏడు ఉంటేనే, ఆపితే రాదు, వదిలితే వస్తుంది అని తేలేది."

"వరస మార్చేస్తే?"

"ఎగువ ఏది, దిగువ ఏది అన్నదే మొత్తం పనండీ."

ఏరేటరు రెక్కలు నీళ్ళని కొడుతున్నాయి. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండునని అప్పాజీకి అనిపించింది.

"నేను నరసాపురంలో ఉంటానండి. మూడింటికి బస్సు. ఈలోగా ఫోన్ చేసి ఉంచమంటే ఉంచుతాను, తీసెయ్యమంటే తీసేస్తాను," అని పట్టికా, తెలుగు కాగితమూ అతని దగ్గరే వదిలి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటింది. భార్య సూర్యకళ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అప్పాజీ అరుగు మీద కూర్చుని, ఉన్న సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఇన్నాళ్ళూ చెప్పనిది చెబుతున్నానన్న భయంతో తల ఎత్తలేదు.

సూర్యకళ చేతిలో పంచె పిండడం ఆపలేదు. "నేను పెళ్ళి నుంచొచ్చేసరికి మీ పంచె నడుం దాకా బురద. ఉతికింది నేనే కదండీ."

"తెలుసా నీకు?"

"మీరు చెప్తారని చూశాను. తర్వాత నాకూ అలవాటైపోయింది." పంచె తీగ మీద వేసింది. "తమ్ముడు వచ్చే వారం చెరువులో రొయ్య సీడ్ వేస్తన్నాడు. రెండేళ్ళ తర్వాత."

"అదే ఆలోచిస్తన్నాను."

"గోడ మీద చూసి తెలుసుకుంటే వాడింక మన గుమ్మం తొక్కడు. నా మొహం కూడా చూడడు."

"నేను చెప్తే తొక్కుతాడా?"

"తెలీదండి," అంది సూర్యకళ.

గణేష్‌బాబు ఇల్లు నాలుగు వీధుల అవతల. అతని భార్య పుట్టింటికి వెళ్ళింది. తల్లి అచ్చాయమ్మ వంటింట్లో ఉంది, చేపల పులుసు వాసన వీధిలోకి వస్తోంది. గణేష్‌బాబు వరండాలో వల బాగుచేసుకుంటున్నాడు.

"రా బావా. మేడమ్ గారు వచ్చారంట కదా. నీ నోటుపుస్తకానికి రాజమండ్రిలో శాలువా కప్పుతారేంటి?"

అప్పాజీ కూర్చోలేదు.

"అమ్మా, అల్లుడుగారు వేళ చూసుకునే వచ్చారు, ఇంకో పళ్ళెం కడుగు," అని కేకేశాడు గణేష్‌బాబు. "ఏంటి బావా, నిలబడ్డావు? మా అక్క తరిమేసిందా?"

అప్పాజీ పట్టిక మడత విప్పి అతని ఒళ్ళో పెట్టాడు. "ఏడోది నాది. చదువు."

గణేష్‌బాబు నవ్వు మొహంతోనే చదవడం మొదలెట్టాడు. వేలు ఆరు మీదికి వచ్చింది, ఏడు మీదికి వచ్చింది, ఎనిమిది మీదికి వెళ్ళి మళ్ళీ ఏడు మీదికి వచ్చింది.

"పదకొండో తారీఖా?"

"ఆ."

"పెళ్ళినాడు."

"ఆ. పలకలు మూడు ఎత్తాను."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. గణేష్‌బాబు వల పక్కన పెట్టాడు. దారం చుట్టి, సూది దానికి గుచ్చి, చూరులో దోపాడు. అప్పాజీ అతని చేతులే చూస్తున్నాడు. ఆ చేతులు పట్టిన కర్ర దెబ్బ ఎలా పడిందో అతను కళ్ళారా చూశాడు. అప్పుడు జనంలో మూడో వరసలో నిలబడి ఉన్నాడు.

"వద్దంటే ఇది తీసేస్తారా?"

"తీసేస్తారు. మూడింటి లోపల చెప్పాలి."

"నంబర్లే కదా. తీయించేస్తే నాకు తెలిసేది కాదుగా. మరెందుకొచ్చావు?"

"ఇది తీసేస్తే, నీళ్ళు ఆపినా లాభం లేదని రాసినట్టవుద్దంట. నువ్వు వచ్చే వారం సీడ్ వేస్తన్నావు. నీకు ఎగువన ఉన్నది నేను."

గణేష్‌బాబు లేచాడు. కొడతాడనుకున్నాడు అప్పాజీ. కదలకుండా నిలబడ్డాడు. గణేష్‌బాబు అతని పక్కనుంచే మెట్లు దిగి, సైకిలు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

అచ్చాయమ్మ గుమ్మంలోకి వచ్చింది. "కూర్చోండి అల్లుడుగారూ," అంది. అంతే అంది. అప్పాజీ కూర్చున్నాడు. గోడ గడియారంలో ఒంటిగంటన్నరైంది, రెండైంది. రెండుసార్లు సెల్ ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ జేబులో పెట్టాడు.

రెండూ పదికి సైకిలు వచ్చింది. వెనక క్యారేజీ మీద దొరబాబు కూర్చుని ఉన్నాడు. గణేష్‌బాబు పాలకేంద్రం నుంచి ఉన్నపళంగా తీసుకొచ్చినట్టున్నాడు, దొరబాబు చొక్కా మీద పాల మరకలున్నాయి. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. రెండేళ్ళయింది అతను ఈ వీధిలోకి వచ్చి.

"ఎందుకని అడిగితే చెప్పడేంటి పిన్నిగారూ మీవాడు?" అన్నాడు అచ్చాయమ్మతో. "ఇంకో చెయ్యి కూడా ఉందని గుర్తొచ్చిందా?"

గణేష్‌బాబు అప్పాజీ వైపు తిరిగాడు. "ఈయనకి చెప్పు. నాకు చెప్పినట్టే."

అప్పాజీ చెప్పాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది. తారీఖు, పెళ్ళి, మూడు పలకలు, నోటుపుస్తకం, మూడింటి బస్సు. చెబుతున్నంతసేపూ దొరబాబు కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

"నన్ను కొడుతుంటే మీరు అక్కడే ఉన్నారు కదండీ," అన్నాడు చివరికి.

"ఉన్నాను."

దొరబాబు పట్టిక తీసుకుని ఆరో వరస చదివాడు. బ్లీచింగ్ వేసి పద్నాలుగు రోజులు ఆపారు. మళ్ళీ చదివాడు. "నేను అరిచింది ఇదే," అన్నాడు. "అక్షరం తేడా లేదు. దీని పక్కన నా పేరేది?"

"పేర్లు పెట్టరంట. షరతు."

"నాకొద్దు ఆ షరతు. నా పేరు పెట్టమనండి."

అప్పాజీ ఫోన్ చేశాడు. సుప్రియ వెంటనే తీసింది. "ఉంచండమ్మా," అన్నాడు. "ఏడు ఉంచండి. ఆరో ఆయన పేరు పెట్టమంటున్నారు." అవతల ఆమె ఏదో చెప్పింది. ఫోన్ జేబులో పెట్టుకుని, "నెట్‌లో కుదరదంట. ఒక్క పేరు పెడితే వరసని బట్టి మిగతా అందరూ బయటపడతారంట," అన్నాడు.

దొరబాబు కాగితం తిరిగి ఇచ్చేయబోయాడు. అప్పాజీ దాన్ని తీసుకోలేదు. గోడకి అంటించాల్సిన తెలుగు కాగితం తీసి, మోకాలి మీద పరిచి, జేబులో పెన్నుతో ఆరు పక్కన దొరబాబు పేరు ఇంటిపేరుతో సహా రాశాడు. అతని రాత పెద్దది, గడి దాటి పోయింది. ఏడు పక్కన తన పేరు రాశాడు. మిగతా గడులు ముట్టుకోలేదు.

"సాయంత్రం నేనే అంటిస్తాను," అన్నాడు. "మీరిద్దరూ రానక్కర్లేదు."

"వస్తాను," అన్నాడు దొరబాబు. "అంటించేదాకా నమ్మను."

గణేష్‌బాబు అతని మణికట్టు వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టాడు. దొరబాబు చాలాసేపు ఆ చెంబు వంక చూశాడు. తర్వాత కాళ్ళు కడుక్కున్నాడు.

అచ్చాయమ్మ వరండాలోనే చాప పరిచి మూడు పళ్ళేలు పెట్టింది. అన్నం పెట్టింది, పులుసు పోసింది. దొరబాబు పళ్ళెంలో తలకాయ ముక్క వేసింది. అతను వంకర చేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. గణేష్‌బాబు మజ్జిగ గిన్నె అతని వైపు జరిపాడు. అప్పాజీ మెతుకు వదలకుండా తిన్నాడు. అచ్చాయమ్మ మారు వడ్డించింది. ఎవరూ వద్దనలేదు.