గుర్రం పద్యానికి దారి

నేను ఒక విషయసూచికను. కాగితం మీద పుట్టలేదు, అచ్చు వాసన నాకు తెలియదు. ఆన్‌లైన్‌లో ఉండే ఒక డాక్యుమెంటు మొదటి పేజీలో, ఝాన్సీ అనే అమ్మాయి ట్యాబు మీద వేలితో నొక్కగానే పుట్టాను. పుట్టీ పుట్టగానే నోరు తెరిచానా, చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు!

ఆ డాక్యుమెంటు ‘ఉప్పురాజు’ అనే పద్యనాటకం. మారువేషంలో ఉప్పు అమ్ముకుంటూ జనం కష్టం తెలుసుకునే రాజు కథ. రేపల్లె దగ్గరి పల్లెలో నాటక సమాజం నడిపే వీరాంజనేయులు అందులో రాజు. ఆయన గొంతు ఊరవతలికి వినబడుతుంది, జ్ఞాపకం మాత్రం తెర దాటి రాదు. అందుకే పక్కతెర చాటున పీట వేసుకుని ఒకరు మాట అందిస్తుండాలి. ఏళ్ళ తరబడి పేరయ్య ఆ పని చేశాడు. ఆయనకు నాటకమంతా కంఠతా వచ్చు. గొంతు బొంగురుపోయాక ఆ పీట ఝాన్సీకి వచ్చింది. ఆయన చెబుతుంటే ఆమె అంతా టైపు చేసుకుంది.

మొదటి రిహార్సల్‌లోనే తడబడింది. వీరాంజనేయులు సంత పద్యం మధ్యలో ఆగిపోతే, ఝాన్సీ పేజీలు పైకీ కిందికీ తోస్తూనే ఉంది. హార్మోనియం మస్తాన్ ఒకే స్వరాన్ని పట్టుకుని సాగదీస్తున్నాడు.

“ఏందమ్మా, నా రాజ్యం పోయిందాకా వెతుకుతావా?” అన్నాడు రాజు. “బాపట్ల ఆటలో పద్యం ఆగిందో, తెనాలి నుంచి వేరే మనిషిని తెచ్చుకుంటా. నీ మీద కోపం కాదు. జనం ముందు నోరు తెరుచుకుని నిలబడేది నేను గదా!”

కానీ ఆ పీట ఝాన్సీకి కావాలి. తను గుసగుసగా అందించిన మాట తెర అవతల రాగమై లేస్తుంటే వినడం ఆమెకు ప్రాణం. మర్నాడే నన్ను చేర్చింది.

మరి నేనెందుకు ఖాళీ? పద్యాల పేర్లన్నీ ఆమె పెద్ద అక్షరాలతో నల్లగా పెట్టుకుంది. అవే శీర్షికలనుకుంది. మనుషుల్లో అది చెల్లుతుందేమో, గొంతు పెద్దదైతే పెద్దమనిషి అనేస్తారు. నా దగ్గర చెల్లదు. ఇది శీర్షిక అని విడిగా చెప్పాలి. ఝాన్సీ నన్ను చెరిపేయబోయి, శీర్షికలు పెడితే ఇక్కడ కనిపిస్తాయని నాలో ఉన్న చిన్న వాక్యం చదివింది. అప్పుడు ఒక్కొక్క పేరు దగ్గరికీ వెళ్ళి, దానికి ‘హెడింగ్’ అనే గుర్తింపు ఇచ్చి, నన్ను రిఫ్రెష్ చేసింది.

అబ్బ! ఒళ్ళంతా పేర్లు మొలిచాయి! గుర్రం పద్యం, సంత పద్యం, తూకం పద్యం! ఏది తాకితే అక్కడికి దూకడమే.

“మావయ్యా, చూడు చూడు!” అంది ఝాన్సీ. పేరయ్య చిన్నపిల్లాడిలా తాకుతూ కూర్చున్నాడు. “నా బుర్ర గూడా ఇట్టాగే ఉండేదే,” అన్నాడు బొంగురుగా. వీరాంజనేయులు వచ్చి తన పద్యాలన్నీ ఉన్నాయని చూసుకుని, మంత్రి పద్యం తనవాటికంటే పైన ఉన్నందుకు ముఖం చిట్లించుకుని వెళ్ళాడు.

బాపట్ల ఆట రోజు పొద్దున, సమయం తక్కువని కబురొచ్చింది. రాజు తన గుర్రాన్ని వదిలి కాలినడకన బయలుదేరేటప్పుడు పాడే గుర్రం పద్యం తీసెయ్యమన్నాడు వీరాంజనేయులు. ఝాన్సీకి చెరపడానికి చేతులు రాలేదు. దాన్ని చిట్టచివరకు జరిపి, పైన ‘తీసేసినవి’ అని శీర్షిక పెట్టి, నన్ను మళ్ళీ రిఫ్రెష్ చేసింది. నా అడుగున కొత్త వరుస చేరింది.

“తీసేసినదానికి గూడా దారి ఎందుకమ్మా? ఎవరు పోతారని?” అని నవ్వాడు రాజు.

మధ్యాహ్నం ఆట. హాలంతా జనం! తూకం పద్యానికి వన్స్‌మోర్ పడింది. ఝాన్సీ నన్ను తాకింది, నేను దూకాను, రాజు మళ్ళీ అందుకున్నాడు. అంతలో ముందు వరుసలోంచి ఒక ముసలావిడ లేచి నిలబడింది.

“ఏమయ్యా ఆంజనేయులూ! గుర్రాన్ని ఎక్కడొదిలావు? దాని పద్యం పాడకుండా ఎట్టా పోతావయ్యా?”

ఈలలు! చప్పట్లు! పొగిడితే కాదనడం ఏ రాజు వల్లా కాదు. మస్తాన్ శ్రుతి అందించాడు. మొదటి పాదం ఆకాశానికి లేచింది. రెండో పాదం రాలేదు. స్వరం సాగుతోంది, ఇంకా సాగుతోంది. రాజు కళ్ళు పక్కతెర వైపు తిరిగాయి.

ఝాన్సీ వేలు నా అడుగు వరుస మీద వాలింది. దూకాను!

“అడవి దాటిన వేళ...” అంది ఊపిరంత గొంతుతో.

ఆ మాటను రాజు గాల్లోనే పట్టుకున్నాడు. పద్యం ముగిసేసరికి ముసలావిడ కళ్ళు తుడుచుకుంటోంది.

ఆట అయ్యాక వీరాంజనేయులు సగం రంగు ముఖంతో లోపలికి వచ్చాడు.

“అన్నా, తెనాలికి ఫోన్ కలపనా?” అన్నాడు మస్తాన్.

“నువ్వు ముందు నీ పెట్టె సర్దుకోవయ్యా!” అని కసిరి, ఝాన్సీ వైపు తిరిగాడు. “అమ్మాయ్, నా గుర్రాన్ని ఆ అడుగునుంచి విప్పి దాని చోట కట్టెయ్యి. వచ్చే ఆటకి అది అక్కడే ఉండాలి. నువ్వు గూడా ఆ పీట మీదే ఉండాలి.”

“సరే బాబాయ్,” అంది ఝాన్సీ. అక్కడే కూర్చుని పద్యాన్ని దాని చోటికి చేర్చి, ఖాళీ అయిన శీర్షికను చెరిపి, నన్ను రిఫ్రెష్ చేసింది. ‘తీసేసినవి’ అన్న వరుస నాలోంచి మాయమైంది.

నన్ను చదవడానికి ఎవరూ రారు. తాకి, దాటి వెళ్ళిపోతారు. నాకు బాధ లేదు. పక్కతెర చాటున ఝాన్సీ, ఆమె ఒడిలో నేను, జనానికి ఇద్దరం కనిపించం. కానీ అవతల రాజు రెండో పాదం అందుకునేముందు ఊపిరి బిగబట్టేది మాత్రం మేమిద్దరమే.